మూడో పిలుపు

ఏడాదికొకసారి నేను బతికే ఉన్నానని మార్కాపురం ట్రెజరీ ఆఫీసుకు పోయి రుజువు చేసుకుంటాను. పింఛను తీసుకునే ప్రతి ముసలి ఉద్యోగికీ ఈ తంతు తప్పదు. వరండాలో బల్లల మీద అందరం వరసగా కూర్చుంటాం. ఒకరికి చెవుడు, ఒకరికి మోకాళ్ళు, ఇంకొకరికి రెండూ. లోపలి నుంచి గుమాస్తా అమ్మాయి ఒక్కో పేరూ పిలుస్తుంది. పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే గానీ లేవనివాళ్ళే మాలో ఎక్కువ. నేను మాత్రం నా పేరు సగం వినపడగానే "ఉన్నానమ్మా" అంటూ చేతికర్ర కూడా మరిచిపోయి లేస్తాను. పోయినసారి ఆ అమ్మాయి నవ్వి, "ఎందుకు తాతగారూ అంత తొందర, మీ పింఛను యాడికీ పోదులే" అంది.

పింఛను కోసం కాదు తల్లీ అని చెప్పబోయి ఊరుకున్నాను. అది వరండాలో నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు చదివితే మంచిది. నమ్మకపోయినా నాకు కోపం లేదు. నేనే దీన్ని సగం నమ్ముతాను, అదీ పగటి పూట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ప్రకాశం జిల్లా అనే మాటే పుట్టలేదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. నేను కృష్ణ ఒడ్డున పుట్టి, కాలువ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. మార్కాపురం తాలూకాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వచ్చి బస్సు దిగితే, పలకరాతి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఇదేం ఖర్మ అనుకున్నాను. ఆ ఖర్మలోనే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాననుకోండి, అది వేరే సంగతి.

ముసలివాళ్ళకు సర్కారు పింఛను అప్పుడే కొత్తగా వచ్చింది. నా అన్నవాళ్ళు ఎవరూ లేని వృద్ధులకు నెలనెలా మనియార్డరు వస్తుంది. వయసు మళ్ళి ఉండాలి, ఆస్తి ఉండకూడదు, పోషించగల బిడ్డలు ఉండకూడదు. ఫలానా మనిషి ఫలానాయే అని ఆ ఊరివాళ్ళలో ఒకరు గుర్తుపట్టి చెప్పాలి. మా తాలూకాలో దానికొక పద్ధతి ఉండేది. ముందు ఊరికి పోయి చూసి వస్తాం. తర్వాత దండోరా వేయించి, చావడిలో అందరి ముందూ విచారణ పెడతాం. మా ఆఫీసు జవాను, దఫేదారు అంటాం, ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. మూడు కేకలకూ పలకకపోతే మనిషి రాలేదని రాసి ఆ దరఖాస్తు మూసేస్తాం. కోర్టులోనూ అంతే, మా ఆఫీసులోనూ అంతే. ఆ మూడు కేకల మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు.

మా దఫేదారు మార్కాపురం సాయిబు. నాకంటే చాలా పెద్దవాడు, నాకంటే చాలా నెమ్మదస్తుడు. మనిషి సన్నం గానీ గొంతు పెద్దది. ఆయన పెద్దారవీడులో కేక వేస్తే మార్కాపురం సంతలో గొర్రెలు తలెత్తి చూస్తాయని మా ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్ళం.

ఒక ఎండాకాలం ఇద్దరం యర్రగొండపాలెం బస్సులో పోయి, దారిలో దిగి, నల్లమల అంచున ఉన్న ఒక ఊరికి నడిచాం. ఆ ఊరి పేరు రాయను. అక్కడి నుంచి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి ఒక ముసలమ్మది. పక్క పల్లెలో మిషన్ బడి నడిపే పంతులు ఆమె తరఫున రాసి పంపాడు. ఆమె పేరు కూడా ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

దఫేదారు ఒక బావి దగ్గర నమాజుకు ఆగాడు. నేను ముందు నడిచాను. మిట్టమధ్యాహ్నం. ఎదురుగా ఊరు కనపడుతోంది. వెనక, దిబ్బ అవతల వల్లకాడు. ఆ రెండింటికీ మధ్యలో, దారి పక్కన, ఒకే ఒక్క గుడిసె ఉంది. గనుల్లో పారేసిన పలకరాతి ముక్కలు పేర్చి గోడలు లేపారు, పైన బోదగడ్డి కప్పారు. ముందు ఒక వెడల్పాటి బండ. కోడి లేదు, మేక లేదు, కుక్క లేదు. మనిషి ఉన్న ఇంటి దగ్గర ఇంత చప్పుడు లేకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలో ఒక ముసలావిడ కూర్చుని నన్నే చూస్తోంది.

"నీళ్ళు తాగుతావా నాయనా?" అంది, నేను అడగకముందే.

తాగాను. కుండ నీళ్ళు చల్లగా ఉన్నాయి. లోపలికి పోయి గుప్పెడు తునికి పండ్లు తెచ్చింది. "నా చేతివి ఎవరూ తీసుకోరు. నువ్వు తీసుకుంటావా?" అంది. ఏ కులం పట్టింపో అనుకుని, కావాలనే రెండు చేతులూ చాపి తీసుకుని జేబులో వేసుకున్నాను. పేరు అడిగాను. ఆమె ఊరి వైపు ఒకసారి చూసింది.

"చెప్తే గట్టిగా పిలవవు గదా?"

"పిలవనులే అమ్మా."

చెప్పింది. దరఖాస్తులో ఉన్న పేరే. ఇంకేం, వెతికే పని తప్పిందని సంతోషపడ్డాను. నీవాళ్ళు ఎవరూ లేరా అని అడిగితే, "వాళ్ళు బాగనే ఉన్నారు నాయనా. నేనే..." అని ఆగి, "ఎండ ముదురుతాంది, పో" అంది. లేస్తూ ఆమె కాళ్ళు చూశాను. రెండు బొటనవేళ్ళకూ నల్లబడిన నూలు దారం ముడివేసి ఉంది. ఏదో మొక్కు కాబోలు అనుకున్నాను.

ఊళ్ళోకి అడుగు పెడుతుండగా ఒక తల్లి బిడ్డను పిలుస్తోంది. ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది. పిల్లవాడు ఆటలో పడి వినలేదు. ఆమె చేతిలో చేట అక్కడే పారేసి, పరుగున పోయి వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. తల్లులు పిల్లల్ని గొంతు పోయేట్టు పదిసార్లు పిలవడం లోకమంతా ఉన్నదే. ఈమె రెండింటితో ఆపింది. ఇంకో సందులో ఇంకొకామె అలాగే చేసింది. అప్పటికి అది నాకు వింతగా అనిపించిందంతే.

చావడిలో మునసబు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. మంచి పెద్దమనిషి, మాట మెత్తన. మిగతా దరఖాస్తుల సంగతి మాట్లాడి, చివరికి ఆ ముసలమ్మ పేరు చెప్పాను.

"ఆమె పోయింది సార్" అన్నాడు మునసబు.

"ఎక్కడికి?"

"పోయింది సార్. ముందటేడు జొన్నకోతలప్పుడు. అందరం మోసినాం. నేనూ మోసినా, ఇదిగో ఈ భుజం మీద."

"ఏమిటండీ మీరనేది? ఇప్పుడే ఆమె దగ్గర నీళ్ళు తాగి వస్తున్నాను" అన్నాను.

"తాగినారా?" అన్నాడు మునసబు చిన్నగా. నాకోసం నీళ్ళ చెంబు తెచ్చినవాడు దాన్ని అందించబోయి, వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఆకుదొన్నెలో పోసి, దూరంగా నేల మీద పెట్టి పోయాడు. కోపం వచ్చింది, తాగలేదు. ఇంతలో దఫేదారు వచ్చాడు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించాలని, అందరికీ వినపడేట్టు అడిగాను, దారిలో గుడిసె దగ్గర ముసలమ్మ కనపడిందా అని.

"గుడిసె కనపడింది సార్. మనిషి లేదు" అన్నాడు దఫేదారు. "నీళ్ళ కోసం కేక వేసినా. లోపల గూడా చూసినా. ఎవరూ లేరు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తునికి పండ్లు ఉన్నాయి. ఒకటి చితికి చొక్కాకు మరక కూడా అయింది. దయ్యాలు పండ్లు పెట్టవని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. ఆ పూటకు నాకున్న ఆధారం అదొక్కటే.

నా ముఖం చూసి మునసబుకు జాలి కలిగినట్టుంది. మిగతావాళ్ళను పంపేసి జరిగింది చెప్పాడు.

దింపుడు కళ్ళం ఆశ అని మనం ఊరికే అనేస్తుంటాం. ట్రాన్స్‌ఫరు ఆర్డరు చేతికొచ్చాక కూడా అది ఆగుతుందేమోనని ఎదురుచూసేవాణ్ణి చూసి అంటాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. శవాన్ని తీసుకుపోతూ సగం దారిలో పాడె దించుతారు. కొడుకు వంగి, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని చివరి ఆశ. ఎవరూ పలకరు. పలకరు కాబట్టే అది ఆచారంగా సాగుతోంది. ఆ ఊళ్ళో ఒకామె పలికింది.

"మూడో పిలుపుకు ఊఁ అనింది సార్" అన్నాడు మునసబు. "మేమంతా పరిగెత్తినాం. అబద్ధం ఎందుకు, అందరికంటే ముందు నేనే. కొడుకు ఒక్కడే ఉన్నాడు. కాళ్ళకు కట్టిన దారం తెంపి కూర్చోబెట్టినాడు. ఇంటికి తీసుకుపోతానన్నాడు. యాడికి తీసుకుపోతాడు సార్? శవాన్ని వాకిలి దాటించినాక ఇల్లు కడిగేసినాం. పోయిన మనిషి మళ్ళీ ఆ వాకిలి తొక్కగూడదు. వాడు వినలా. తీసుకుపోయినాడు. అమావాస్య దాటలా, వాడి కూతురు జ్వరమొచ్చి పోయింది. నడిచే పిల్ల."

"జ్వరాలు అందరికీ వస్తాయి" అన్నాను.

"వస్తాయి సార్. కానీ ఒకరు లేచినప్పుడు ఇంకొకరు పండుకోవాల గదా."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, పొలం గట్ల సంగతి చెప్తున్నట్టు అన్నాడు. ఆ తర్వాత కొడుకే తల్లిని తీసుకుపోయి, ఆమె లేచిన చోటనే గుడిసె వేశాడు. అటు ఊరిలోనిది కాదు, ఇటు కాటిలోనిది కాదు. కోడలు పొద్దున్నే బండ మీద సంగటి పెట్టి, వెనక్కి చూడకుండా వస్తుంది. ఎవరూ ఆమెతో మాట్లాడరు, ఆమె పేరు తలవరు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో శవాన్ని తప్ప ఎవరూ ఎవర్నీ మూడోసారి పిలవరు.

సాయంత్రం తిరిగి వస్తూ గుడిసె దగ్గర ఆగాం. ఆమె ఉంది. పుల్లలు ఏరుకోవడానికి పోయి వచ్చిందట. దఫేదారు ఆమె నీడ నేల మీద పడుతోందో లేదో జాగ్రత్తగా చూశాడు. నేను కూడా చూశాను. పడుతోంది.

"ఒక్కదానివే ఉంటావు, భయం వెయ్యదా అమ్మా?" అని అడిగాను.

"ఒక్కదాన్నే యాడ నాయనా. ఊళ్ళో ఎవరు పోయినా ఈడనే గదా దించేది. నా వాకిట్లో దించి పిలుస్తారు. నేను లోపల కూర్చొని వింటా ఉంటా. ఎవరన్నా లేస్తే తోడుంటరని చూస్తన్నా. ఇంతవరకు ఎవరూ లేవలా."

దఫేదారు తనలో తాను ఏదో చదువుకున్నాడు. ఆమే చెప్పుకుపోయింది. వానలు లేక మేత ఎండిపోయింది. కొడుకు, కోడలు గొర్రెలు తోలుకుని కోస్తా వైపు పోబోతున్నారు. వాళ్ళు పోతే బండ మీద సంగటి పెట్టేవాళ్ళు ఉండరు. పక్క పల్లె పంతులు భార్య ఒక్కతే అప్పుడప్పుడు వచ్చి పలకరిస్తుంది. వాళ్ళూ కూలీనాలీ మనుషుల మధ్య బతికేవాళ్ళే, రోజూ పెట్టలేరు. సర్కారు పింఛను సంగతి చెప్పింది ఆమేనట.

"పొట్టకు తెలీదు గదా నాయనా నేను పోయినట్టు" అంది ముసలమ్మ.

కాళ్ళ దారం సంగతి అడిగాను. మధ్యలో తెంపారు గానీ వేళ్ళకు ముడులు అట్లాగే ఉండిపోయాయి. నువ్వే విప్పుకోవచ్చు గదా అన్నాను. "కట్టినోళ్ళే విప్పాల" అంది.

నాకు అప్పుడు వయసు తక్కువ, కోపం ఎక్కువ. ఎవరు బతికున్నారో ఎవరు చచ్చారో తేల్చడానికి ఈ ఊరెవరు, సర్కారు ఉండగా? పంతుల్ని కలిసి గుర్తుపట్టి చెప్పమన్నాను. ఆయన గిద్దలూరు నుంచి ఈ మధ్యనే వచ్చాడు. "ఈమె బతికుందని చెప్తా సార్. ఆ చనిపోయినామే ఈమె అని నేనెట్ల చెప్పేది? ముందర ఆమెను నేను చూడలేదు గదా" అన్నాడు. న్యాయమైన మాటే. ఊరివాళ్ళే చెప్పాలి. దండోరా వేయించి, చావడిలో అందరి ముందూ పిలిపిస్తే, కళ్ళెదుట నిలబడ్డ మనిషిని ఎలా కాదంటారో చూద్దామనుకున్నాను. బస్సులో దఫేదారు తలగుడ్డ విప్పి చుట్టి, మళ్ళీ విప్పి చుట్టుకున్నాడు. చివరికి, "ఆమెను మూడుసార్లు నేనే పిలవాలా సార్?" అన్నాడు.

"అందర్నీ పిలిచినట్టే" అన్నాను.

విచారణ రోజు చావడి నిండింది. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది, ఉలకదు పలకదు. మొదట పిలిచిన ముసలివాళ్ళంతా ఒక్క పిలుపుకే వచ్చి నిలబడ్డారు. ఆ ఊళ్ళో ఎవరూ రెండో పిలుపుకు అవకాశం ఇవ్వలేదు. ఒక తాత, తన పేరు దఫేదారు నోట్లో ఉండగానే ఆయన కాళ్ళకు అడ్డం పడి, "ఉన్నా, ఉన్నా, నన్ను పిలవొద్దు" అని అరిచాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాణ్ణి.

ఆమె చావడి మెట్ల దగ్గరికి కూడా రాలేదు. ఎదురుగా దారిలో, ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. ఆమె ఉన్న వైపు ఒక్కరూ చూడటం లేదు. కొడుకు స్తంభం పక్కన గొంతుక్కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, భుజాన గొంగడి. అతని వెనక భార్య, ఒడిలో పసిబిడ్డ. పోయిన పిల్ల తర్వాత పుట్టిన బిడ్డ.

ముసలమ్మ పేరు రాగానే దఫేదారుకు నేను తల ఊపాను. ఆయన పిలిచాడు.

ఆ గొంతు చావడి దాటి, ఊరు దాటి పోయింది. ఎవరూ పలకలేదు. ఆమె ఎండలో అలాగే నిలబడి ఉంది. పెదవులు బిగబట్టుకుంది. పలకమ్మా, ఒక్క మాట చాలు, అని నేను సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

దఫేదారు రెండోసారి పిలిచాడు.

చావడిలో ఆడవాళ్ళు పిల్లల చెవులు మూశారు. వెనక వరసలో కొందరు లేచి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. దొడ్లలో గొర్రెలు అరవడం మానేశాయి. అది నిజంగా జరిగిందో, నా చెవులే మూతపడ్డాయో ఇప్పటికీ తెలియదు. మునసబు నా వైపు చేతులు జోడించి చూస్తున్నాడు. కోడలు బిడ్డను కొంగు కిందికి లాక్కుని వంగిపోయింది, పైనుంచి ఏదో పడబోతున్నట్టు. నేను చదువుకున్నవాణ్ణి. దయ్యం లేదు భూతం లేదు అని వాదించేవాణ్ణి. అయినా దఫేదారు నన్ను చూస్తే, ఊఁ, కానియ్యి అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. తల మాత్రం ఊపాను. ఆయన ఊపిరి తీసుకున్నాడు, నోరు తెరిచాడు.

"ఆగు సాయిబన్నా!"

కొడుకు లేచాడు. గొంగడి జారి కింద పడింది.

"పిలవమాకు. ఉంది. ఆడ నిలబడింది. మా యమ్మే సార్. బతికే ఉంది."

అని చావడి దిగి ఎండలోకి నడిచాడు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదం తన తొడ మీద పెట్టుకుని, బొటనవేలి ముడి విప్పబోయాడు. దారం బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో కొరికి తెంపాడు. రెండోదీ అంతే. ఆమె అతని నెత్తిన చెయ్యి పెట్టాలని చాపి, పెట్టకుండా గాలిలోనే ఆపింది. ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు ఆపింది. నాకు కళ్ళు మసకలయ్యాయి. దఫేదారు తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

బిడ్డకేమవుతుందోనని భయపడి లేచాడా, తల్లి మీద ప్రేమతో లేచాడా? ఎన్నోసార్లు ఆలోచించాను. అతనికే తెలియదేమో.

మునసబే ముందు తేరుకున్నాడు. దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "అయితే సార్, సంపాదించే కొడుకు ఉన్నాడని అందరి ముందూ తేలింది. పింఛను రాదు గదా?" అన్నాడు.

అంతవరకూ నాకు ఆ సంగతి తట్టలేదంటే నమ్మండి. ఆమె బతికి ఉన్నట్టు తేలాలంటే ఎవరో ఒకరు నా మనిషి అనాలి. నా మనిషి అన్న మరుక్షణం ఆమె దిక్కులేనిది కాదు. దిక్కులేనిది కాకపోతే పింఛను లేదు. నేను చేతనైనంత సానుభూతిగా రాసి పంపాను. తాసీల్దారు గారు కొడుకు ఉన్నాడు అన్న ముక్క కింద గీత గీసి తిప్పి పంపారు. ఆ మాట ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. తల దించుకుని చెప్పాను.

"పోనీలే నాయనా. సర్కారు పిలవబట్టే గదా వాడు పలికింది" అంది. అప్పుడు నవ్వింది, మొదటిసారి. నోట్లో పళ్ళు లేవు.

"ఆ రోజు నువ్వెందుకు పలకలేదమ్మా? ఎదురుగానే ఉన్నావు గదా?"

"ఒకసారి పలికినదానికే నా మనవరాలు పోయింది. మళ్ళీ యాడ పలికేది?" అంది. ఊరంత గట్టిగా ఆమె కూడా నమ్మింది. ఆకలితో చావడానికైనా సిద్ధపడింది గానీ, పలకడానికి సిద్ధపడలేదు. అది తెలిశాక, నేను ఆమెకు చేసిన సైగ గుర్తొచ్చి నాకే ఎలాగో అయింది.

ఆమెను ఇంట్లోకి తీసుకోవడానికి ఊరిపెద్దలు ఒక ఉపాయం చేశారు. వాకిలి గుండా పోయిన మనిషి వాకిలి గుండా రాకూడదు, అంతే గదా? వెనక గోడ పగలగొట్టి కొత్త దోవ పెట్టారు. ఆమె అందులోంచి వంగి లోపలికి పోయింది. మళ్ళీ ఎప్పుడూ ముందు వాకిలి వైపు రాలేదు. ఆ ఏడు కొడుకు గొర్రెలతో ఒక్కడే కోస్తాకు పోయాడు. కోడలు ఇంటి దగ్గరే ఉండి అత్తకు ఇంత పెట్టింది. మునసబు మార్కాపురం వచ్చినప్పుడల్లా నేను ఏవేవో ఆఫీసు మాటలు మాట్లాడి, పోయేముందు అడిగేవాణ్ణి, "ఆ పసిబిడ్డ బాగుందా?" అని. దయ్యం లేదు భూతం లేదు అనే మనిషిని గదా, ఊరికే అడిగినట్టు అడిగేవాణ్ణి. "రెండు పిలుపులే గదా సార్, బాగుంది" అనేవాడు మునసబు, నా కంటే తెలివిగా నవ్వుతూ.

తర్వాత నాకు బదిలీలు అయ్యాయి. కొన్నేళ్ళకు మళ్ళీ మార్కాపురం వచ్చాను. దఫేదారు అప్పటికి లేడు. ఒక సంతరోజు, గొర్రెలు అమ్మేచోట ఒక మనిషి నన్ను చూసి నిలబడి దండం పెట్టాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కాసేపటికి గానీ గుర్తుపట్టలేదు. ఆమె కొడుకు.

"అమ్మ పోయింది సార్" అన్నాడు. 'పోయింది' అన్న మాట ఆ నోట వినగానే నాకు మొదటి రోజు చావడి గుర్తొచ్చింది. పసిబిడ్డ ఎలా ఉందని అడిగాను. బడికి పోతోందట. టీ దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"వెనక దోవ గుండానే ఎత్తినాం. ఆ గుడిసె కాడనే దించినాం. గుడిసె ఇప్పుడు లేదులే సార్, బండ ఉంది. చెవి కాడ వంగినా. ఒకసారి పిలిచినా. రెండుసార్లు పిలిచినా. మూడోది పిలవలా."

"ఎందుకని?"

"ముందే చెప్పి పెట్టింది. 'ఈసారి మూడోది పిలవమాకు నాయనా. పిలిస్తే లేచొస్తా. లేచొస్తే మళ్ళీ నీకు కష్టం' అనింది."

అతను గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"రెండోసారి పిలిచినప్పుడు ముఖం మీద గుడ్డ కదిలింది సార్" అన్నాడు. "గాలే అనుకున్నా. అందరూ గాలే అన్నారు. ఎత్తుకుని పోయినాం."

టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి, దండం పెట్టి, గొర్రెల దగ్గరికి పోయాడు. ఆ రోజు గాలి ఉందా అని నేను అడగలేదు.